పదిహేనేళ్లు దాటిన స్కార్పియో: ఇంటి దగ్గర ఎంతవరకు చేసుకోవచ్చు?

మాది 2009 మోడల్ మహీంద్రా స్కార్పియో. 2.2 లీటర్ల ఎంహాక్ డీజిల్ ఇంజిన్, 120 హార్స్‌పవర్. రెండు లక్షల కిలోమీటర్లు దాటి చాలాకాలమైంది. మేం ఉండేది బందరులో. రొయ్యల చెరువుల గట్ల మీద తిరగడానికి, కుటుంబమంతా ఊళ్లకు వెళ్లడానికి ఇదే బండి. ఇంజిన్‌కి ఇంతవరకు బోరు పని (సిలిండర్లు అరిగితే చేయించే రిపేరు) రాలేదు. ఇన్నేళ్లుగా కింద పడుకుని పని చేశాక నేను గట్టిగా నమ్ముతున్నది ఏమిటంటే, ఇలాంటి బండిలో ఇనుము అంత తొందరగా అరగదు. ముందు రబ్బరు పోతుంది, తర్వాత కరెంటు కనెక్షన్లు పోతాయి, సముద్రం పక్కనైతే తుప్పు పడుతుంది. ఓపిక ఉంటే ఈ మూడింటినీ చాలావరకు మనమే చూసుకోవచ్చు.

మా దగ్గర తుప్పుదే పెద్ద బెడద. గట్ల మీది ఉప్పు బురద ఛాసిస్‌కు, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రానికి, పట్టుకుని ఎండిపోతుంది, రాత్రి సముద్రపు గాలికి మళ్లీ చెమ్మెక్కుతుంది. ఛాసిస్ లోపల బోలుగా ఉంటుంది కాబట్టి నీళ్లు పోవడానికి అడుగున రంధ్రాలు ఇస్తారు. అవి మట్టితో పూడిపోయాయంటే తుప్పు లోపలి నుంచి తినేస్తుంది, పైకి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే నేను బండి కడిగినప్పుడల్లా సన్నటి తీగతో ఆ రంధ్రాలు పొడిచి, లోపలికి మంచినీళ్లు కొడతాను. తలుపుల అడుగున ఉండే రంధ్రాలకూ ఇదే పని.

తుప్పు కనిపించిన చోట వైరు బ్రష్షుతో మెరిసే ఇనుము వచ్చేదాకా రుద్ది, మిగిలిన మచ్చల మీద రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు) పూసి, ఆరాక జింక్ ప్రైమర్, దాని మీద పెయింట్ వేస్తాను. ఎండాకాలంలో చేస్తేనే బాగుంటుంది, ఇనుము మీద చెమ్మ ఉండదు. తుప్పు తీయకుండా పైన నల్లటి అండర్‌బాడీ కోటింగ్ కొట్టించుకోవడం మాత్రం చాలా తప్పు. చెమ్మ లోపలే ఉండిపోతుంది, పైకి శుభ్రంగా కనిపిస్తూనే కింద తుప్పు పొరలుగా లేస్తుంది. మా వైపు చాలామంది తీసేసిన ఇంజిన్ ఆయిల్‌నే కింద పూస్తారు. ఆ ఆయిల్ రబ్బరు బుష్‌ల (సస్పెన్షన్ కీళ్లలో అదురు ఆపే రబ్బరు ముక్కలు) మీద పడితే అవి ఉబ్బి మెత్తబడతాయి. కడిగినప్పుడు అదంతా చెరువుల్లోకి, కాలవల్లోకే పోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఇక కరెంటు సంగతి. ఒక దశలో పొద్దున్నే సెల్ఫ్ కొడితే నీరసంగా తిరిగేది. ఒక షెడ్డులో చూపిస్తే సెల్ఫ్ మోటర్ మార్చాలన్నారు. ఇంటికొచ్చి మల్టీమీటర్ పెట్టాను. బండి ఆఫ్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, అంటే నిండుగా ఉంది. తర్వాత మీటర్ ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోదాన్ని ఇంజిన్ బాడీ మీద పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమన్నాను. అర వోల్టు దాటిందంటే ఎర్త్ దారిలో, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగొచ్చే దారిలో, అడ్డు ఉన్నట్టే. మా బండిలో ఒక వోల్టు పైనే చూపించింది. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ కింద పచ్చగా చిలుము పట్టింది. దాన్ని విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన వ్యాజలీన్ రాశాను. అదే సెల్ఫ్ మోటర్ ఇప్పటికీ నడుస్తోంది. పాత బండి ఉన్నవాళ్లు వేరే ఏ పనిముట్టూ కొనకపోయినా మల్టీమీటర్ కొనుక్కోవాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు వస్తుంటే ఆల్టర్నేటర్ గురించి టెన్షన్ అక్కర్లేదు.

రబ్బరులో మొదట చూడాల్సింది టర్బో నుంచి వచ్చే గాలి పైపులు. చిన్న పగులు వచ్చినా పికప్ పడిపోతుంది, పొగ నల్లగా వస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే బుస్సుమని చప్పుడు వస్తుంది. క్లిప్పు బిగించడమో, పైపు మార్చడమో అయితే అరపూట పని. ఫ్యాన్ బెల్టు, కూలెంట్ పైపులు చేత్తో వంచి చూస్తే పగుళ్లు తెలిసిపోతాయి. కూలెంట్‌లో బోరు నీళ్లు కలపకండి, డిస్టిల్డ్ వాటరే వాడండి.

బుష్‌ల విషయానికొస్తే, డబ్బులు తీసుకుని చేసే మెకానిక్కులు కూడా ఒక విషయం పట్టించుకోరు. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బుష్ బోల్టు పూర్తిగా బిగిస్తే, బండి కిందికి దించగానే లోపలి రబ్బరు మెలిపడిపోతుంది. ఇక అది తొందరగా చిరిగిపోతుంది. వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. ఈ పద్ధతి మొదలుపెట్టాక మా బండికి బుష్‌లు ఎక్కువకాలం వస్తున్నాయి. లోయర్ ఆర్మ్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కింది చెయ్యి) బుష్‌లు మాత్రం ప్రెస్ మిషన్ మీద ఎక్కించాలి కాబట్టి ఆర్మ్ విప్పి బెజవాడ ఆటోనగర్ పట్టుకెళ్తాను. సామాను కూడా అక్కడే కొంటాను, పాతది చేతిలో పెట్టుకుని పక్కపక్కన చూసి.

ఆయిల్, ఫిల్టర్లు మార్చడం, డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదలడం, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లకు గ్రీజు కొట్టడం అన్నీ ఇంట్లోనే. ఏ పనికైనా జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరొద్దు. ఈ బండి బరువుకు సరిపడే స్టాండ్లు రెండు తప్పనిసరి.

ఇంజెక్టర్లు, వాటికి వెళ్లే పైపుల జోలికి నేను అసలు పోను. కామన్ రెయిల్‌లో, అంటే ఇంజెక్టర్లన్నింటికీ డీజిల్ పంచే పైపులో, డీజిల్ వెయ్యి బార్‌కు పైగా ఒత్తిడితో ఉంటుంది, సన్నటి ధార చర్మంలోంచి లోపలికి దిగిపోగలదు. ఏసీ గ్యాసు కూడా మిషన్ ఉన్నవాళ్ల పనే.

15 ఏళ్లు నిండాక ఫారం 25తో ఆర్‌సీ రెన్యువల్ చేయించాను. కార్లకు ఈ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 రూపాయలైంది, 5 ఏళ్లకు ఇస్తారు. అక్కడ ఛాసిస్ నంబర్ పెన్సిల్‌తో ప్రింట్ తీస్తారు. తుప్పుకి ఆ అంకెలు చెరిగిపోతే పెద్ద తలనొప్పి. అందుకే ఆ చోట ఎప్పుడూ కొద్దిగా గ్రీజు రాసి ఉంచండి.

పని మీద ఆసక్తి లేనివాళ్లు ఇంత పాత బండి కొనకపోవడమే మంచిది, చిన్న చిన్న కూలీలకే చాలా పోతుంది. పానా పట్టడం ఇష్టమున్నవాళ్లకు మాత్రం ఎంహాక్ స్కార్పియో ధైర్యంగా చెబుతాను. కింద చెయ్యి పెట్టడానికి చోటు ఉంటుంది, సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

ఈమధ్య క్లచ్ బరువెక్కింది. గేర్‌బాక్స్ దించాలి కాబట్టి అది ఆటోనగర్ పనే, సంక్రాంతి అయ్యాక తీసుకెళ్తాను. బాక్స్ దించినప్పుడే క్లచ్ రిలీజ్ బేరింగ్, ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ కూడా మార్పించేస్తాను. వాటి కోసం మళ్లీ దింపుడు కూలీ ఇవ్వడం దండగ.