రేడియేషన్‌కు తోడుగా కీమోనా, వేడి చికిత్సనా, రెండూనా: ఏది మేలు?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ తప్పదని తెలిశాక కుటుంబాలు నన్ను అడిగే ప్రశ్నలు చివరకు ఒక్కచోటికే వచ్చి చేరుతున్నాయి. కరెంటు ఒక్కటే పెడితే చాలదా, కీమో కూడా ఎక్కించాలా, కీమోకు ఒళ్లు తట్టుకోదంటే వేడి చికిత్స ఇప్పించవచ్చా, డబ్బుకు వెనుకాడకుండా మూడూ కలిపితే ఇంకా మంచిదేనా? వీటికి విడివిడిగా జవాబు చెప్పడం కంటే పక్కపక్కన పెట్టి తూచడం మేలనిపించి ఇది రాస్తున్నాను. ఆపరేషన్‌తో తీసివేయగలిగే తొలి దశ వ్యాధి ఇక్కడ నా విషయం కాదు. పక్క కణజాలంలోకి, కటి (పొత్తికడుపు కింది ఎముకల గూడు) గోడ వరకు పాకిన రెండో దశ ‘బి’, మూడో దశ వ్యాధి గురించే మాట్లాడుతున్నాను, ఎందుకంటే హైదరాబాద్ పెద్దాసుపత్రులకు జిల్లాల నుంచి వచ్చే మహిళల్లో చాలామంది ఆ దశలోనే వస్తున్నారు.

రేడియేషన్ కణంలోని డీఎన్‌ఏను తెంపుతుంది. తెగినదాన్ని మళ్లీ అతికించుకునే శక్తి క్యాన్సర్ కణానికి కొంత ఉంటుంది. పైగా పెద్ద గడ్డల నడిమధ్యన, రక్తం సరిగా అందక ఆక్సిజన్ కొరవడిన కణాలు రేడియేషన్‌కు రెండు మూడు రెట్లు మొండిగా నిలుస్తాయి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ముఖ్యంగా మొదటి అడ్డంకిని తొలగిస్తుంది, అంటే తెగిన డీఎన్‌ఏ అతకకుండా చేస్తుంది. వేడి రెండింటి మీదా పనిచేస్తుంది. గడ్డను 41 నుంచి 43 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే డీఎన్‌ఏను బాగుచేసే ప్రోటీన్లు దెబ్బతింటాయి, రక్తనాళాలు విప్పారి ఆక్సిజన్ అందుతుంది, ఆమ్లత పెరిగిన మొండి కణాల్లో కొన్ని వేడికే చనిపోతాయి. సిద్ధాంతం ప్రకారమైతే వేడిదే పైచేయి కావాలి. కాని రోగుల మీద జరిగిన పరీక్షలు అంత సూటిగా చెప్పలేదు.

రేడియేషన్ ఒక్కటే ఇవ్వడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఐదు పరీక్షల ఫలితాలు ఒకేవైపు చూపడంతో 1999 ఫిబ్రవరిలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ, ఈ జబ్బులో రేడియేషన్ ఇచ్చేటప్పుడు సిస్‌ప్లాటిన్ కలపడాన్ని గట్టిగా పరిశీలించమని వైద్యులందరికీ సూచించింది. అప్పటి నుంచి ఒంటరి రేడియేషన్ అనేది కీమో పడనివారికి మిగిలిన దారిగానే ఉంది. అంతమాత్రాన అది పనికిరాని చికిత్స అని ఎవరూ అనుకోకూడదు. ఎంతమందిని అది నిలబెడుతుందో కింది అంకెల్లోనే కనిపిస్తుంది.

1999 నాటి ఫలితాలు పాశ్చాత్య దేశాల రోగులవి. రక్తహీనత, పోషకాహార లోపం, ముదిరిన దశలతో వచ్చే మన మహిళలకు అవి వర్తిస్తాయా అన్న సందేహం మన వైద్యుల్లో చాలాకాలం ఉండేది. 2008లో వెలువడిన సమగ్ర విశ్లేషణలోనూ కీమో వల్ల ఐదేళ్ల మనుగడ మొత్తం మీద 6 శాతం పెరిగినా, మూడో దశ, ఆపైన ఉన్నవారిలో ఆ లాభం 3 శాతం దగ్గరే ఆగింది. ఆ సందేహాన్ని తీర్చింది ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి. మూడో దశ ‘బి’ వ్యాధి ఉన్న 850 మంది మహిళలను యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి రేడియేషన్ మాత్రమే, రెండో వర్గానికి దానితో పాటు వారం వారం సిస్‌ప్లాటిన్ ఇచ్చారు. 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఐదేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు మొదటి వర్గంలో 46 శాతం, రెండో వర్గంలో 54 శాతం. నూటికి ఎనిమిది మంది అదనంగా బతికారన్నమాట. మన దేశపు మహిళల మీద, మన వద్ద ఎక్కువగా కనిపించే దశలోనే తేలిన ఈ అంకెను నేను మిగతా అన్ని అంకెల కంటే ముందు పెడతాను.

ఈ సిస్‌ప్లాటిన్‌ను వారానికి ఒకసారి, శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు 40 మిల్లీగ్రాముల చొప్పున, ఐదారు వారాలు ఇస్తారు. దానికి ముందూ వెనకా సెలైన్ ఎక్కించాలి. వాంతులు, నీరసం, తెల్లరక్తకణాలు పడిపోవడం మామూలుగా కనిపించేవే. చెవుల్లో హోరు మొదలైనా, మూత్రం తగ్గినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. పథ్యం పేరుతో నీళ్లు, మజ్జిగ తగ్గించడం ఈ మందు వాడుతున్న రోజుల్లో కిడ్నీలకు నేరుగా ప్రమాదం.

ఇక వేడి చికిత్స. దీన్ని హైపర్‌థెర్మియా అంటారు. కటి చుట్టూ యాంటెనాలు అమర్చి, మధ్యలో నీటి సంచి ఉంచి, విద్యుదయస్కాంత తరంగాలతో లోపలి గడ్డను వేడెక్కిస్తారు. దీనికి అత్యంత బలమైన ఆధారం నెదర్లాండ్స్‌ది. 2000లో ప్రచురితమైన ఆ పరీక్షలో ముఖద్వార క్యాన్సర్ ఉన్న 114 మందిలో, మూడేళ్లకు జీవించి ఉన్నవారు ఒంటరి రేడియేషన్‌తో 27 శాతం కాగా, వారానికోసారి వేడి కూడా ఇచ్చిన వర్గంలో 51 శాతం. పన్నెండేళ్ల తర్వాత లెక్క చూసినా 20 శాతానికి 37 శాతంగా ఆ తేడా నిలిచే ఉంది, దీర్ఘకాలిక దుష్ఫలితాలు పెరగలేదు. ఇది చిన్న తేడా కాదు, అందుకే ఆ దేశంలో కీమో పడని రోగులకు వేడి చికిత్స మామూలు వైద్యంలో భాగమైంది.

అయితే ఇదే అంకెను మరోవైపు నుంచి కూడా చూడాలి. ఒంటరి రేడియేషన్ వర్గంలో 27 శాతమే బతకడం ఆ కాలానికి కూడా తక్కువే, అంటే పోల్చిన చికిత్సే బలహీనంగా ఉందన్న విమర్శ ఉంది. 2005లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పర్యవేక్షణలో పలు కేంద్రాలు కలిసి 110 మందిపై చేసిన పరీక్షలో వేడి వల్ల లాభం కనిపించలేదు సరికదా, రెండో దశ ‘బి’ రోగుల్లో మనుగడ తగ్గింది కూడా. కీమోనూ వేడినీ ముఖాముఖి నిలబెట్టిన డచ్ పరీక్ష ఒకటి 87 మంది చేరాక ముందే ఆగిపోయింది. అంత తక్కువ మందిలో రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

ఒకే చికిత్సకు ఇంత భిన్నమైన ఫలితాలు రావడానికి ప్రధాన కారణం గడ్డకు నిజంగా ఎంత వేడి చేరిందన్నదేనని నా నమ్మకం. కిరణం ఎంత మోతాదు చేరిందో రేడియేషన్‌లో ముందే లెక్కకట్టవచ్చు. వేడి విషయంలో రక్తప్రవాహం ఎప్పటికప్పుడు చల్లార్చేస్తుంటుంది కాబట్టి యోని, మూత్రాశయం, పురీషనాళాల్లో సన్నని ఉష్ణోగ్రత తీగలు ఉంచి కొలిస్తే తప్ప తెలియదు. రెండు పలకల మధ్య తరంగాలు పంపే రకం యంత్రాల్లో పొట్ట మీద కొవ్వు మందంగా ఉంటే ఆ కొవ్వే ముందు వేడెక్కి, లోపలి గడ్డ దాకా వేడి చేరదు. పేస్‌మేకర్ ఉన్నవారికీ, తుంటిలో లోహపు భాగాలు వేయించుకున్నవారికీ ఈ చికిత్స పనికిరాదు. ఎక్కడైనా వేడి చికిత్స ఇస్తామంటే నేను అడగమనే మొదటి ప్రశ్న, లోపలి ఉష్ణోగ్రతను ఎలా కొలుస్తారు అన్నదే. దానికి సూటి జవాబు రాకపోతే ఆ చికిత్సకు డబ్బు కట్టవద్దు.

వేడి నీళ్ల సంచితో ఇంట్లో కాపడం పెడితే సరిపోదా అని అడిగేవారూ ఉన్నారు. సరిపోదు. ఆ వేడి చర్మం దాటి లోపలికి పోదు, రేడియేషన్ పడిన చర్మం మాత్రం దానికి కమిలి పుండు పడుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు.

మూడూ కలపడం గురించి ఆశ కలిగించే సమాచారం కొంత ఉంది. జపాన్‌లో 101 మందిపై జరిగి 2016లో వెలువడిన పరీక్షలో కీమో, రేడియేషన్‌లకు వేడి జోడించిన వర్గంలో గడ్డ పూర్తిగా కరిగినవారు 88 శాతం, జోడించని వర్గంలో సుమారు 78 శాతం. ఐదేళ్ల మనుగడ కూడా 65 నుంచి 78 శాతానికి పెరిగినట్టు కనిపించినా, రోగుల సంఖ్య చిన్నది కావడంతో ఆ తేడా యాదృచ్ఛికం కాదని గణాంకపరంగా రుజువు కాలేదు. పెద్ద గడ్డ ఉన్నవారికి ఇది ముందుముందు మంచి మార్గం కావచ్చు. ఈరోజు నా దగ్గరికి వచ్చిన రోగికి మాత్రం నేను దీన్ని మొదటి సలహాగా చెప్పను.

అలా చెప్పకపోవడానికి కారణం కాలం. నా దృష్టిలో ఈ పోలిక మొత్తాన్ని తేల్చే అంశం అదే. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు, ఆపైన గర్భాశయంలో గొట్టం ఉంచి ఇచ్చే లోపలి రేడియేషన్ మూడు నాలుగు దఫాలు, అన్నీ కలిపి 8 వారాల్లో, అంటే 56 రోజుల్లో ముగియాలి. ఈ రకం క్యాన్సర్ కణాలు చికిత్స మొదలైన మూడు నాలుగు వారాల తర్వాత మునుపటి కంటే వేగంగా పెరగడం మొదలుపెడతాయి. అందుకే గడువు దాటిన ఒక్కో రోజుకూ కటి భాగంలో వ్యాధి అదుపులో ఉండే అవకాశం సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. కీమో కలిపితే వచ్చిన అదనపు లాభం 8 శాతం. బతుకమ్మకు ఊరికి పోయి, దసరా చూసుకుని, మధ్యలో జ్వరమొచ్చి పది రోజులు ఆగితే ఆ లాభం మొత్తం పోయినట్టే. ఆదిలాబాద్ నుంచో నాగర్‌కర్నూల్ నుంచో వచ్చి, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి చుట్టుపక్కల గది తీసుకుని, కూలి పోగొట్టుకుని, ఇంటి దగ్గర పిల్లలను ఎవరి మీదో వదిలి ఉండే కుటుంబానికి రెండు నెలలు నగరంలో గడపడం ఎంత భారమో నాకు తెలుసు. అందుకే అదనపు చికిత్స ఏది కోరుకున్నా, దానివల్ల రేడియేషన్ ఒక్కరోజైనా ఆగుతుందా అని ముందుగా అడుగుతాను.

ఆ కొలమానంతో చూస్తే, రేడియేషన్ ఆగకుండా సర్దుకోవడానికి కీమో అనువైనది. తెల్లకణాలు పడిపోయిన వారం సిస్‌ప్లాటిన్ వదిలేసి రేడియేషన్ కొనసాగించవచ్చు; అలాగే చేయాలి కూడా. సెలవు వల్లనో యంత్రం ఆగడం వల్లనో ఒక రోజు పోతే, శనివారం ఇచ్చి గాని, ఒకేరోజు ఆరు గంటల ఎడంతో రెండుసార్లు ఇచ్చి గాని పూడ్చవచ్చు. ఖర్చు విషయానికొస్తే రేడియేషన్, కీమో రెండూ తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిధిలో ఉన్నాయి, 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. వేడి చికిత్సకు అది వర్తిస్తుందా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తేల్చుకోవాలి. అంతకంటే ముఖ్యం, రేడియేషన్‌కూ వేడికీ మధ్య ఎడం కొద్ది గంటలు మించకూడదు. రేడియేషన్ ఒక ఆసుపత్రిలో, వేడి ఊరికి మరో చివర ఇంకోచోట అంటే, ట్రాఫిక్‌లో ఆ బలహీనమైన మనిషిని తిప్పడమే తప్ప శాస్త్రం చెప్పిన లాభం దక్కదు. రెండూ ఒకే కప్పు కింద ఉంటేనే ఆలోచించాలి.

మిగతా దారులను క్లుప్తంగా ప్రస్తావిస్తాను. రేడియేషన్‌కు ముందు ఆరు వారాలు పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు ఇచ్చే పద్ధతి 2024లో ప్రచురితమైన ఇంటర్‌లేస్ పరీక్షలో ఐదేళ్ల మనుగడను 72 నుంచి 80 శాతానికి పెంచింది; అది తట్టుకోగలిగిన రోగులకు అడిగి చూడదగినది. పెంబ్రోలిజుమాబ్ అనే, రోగనిరోధక శక్తిని పురిగొల్పే మందూ లాభం చూపింది గాని దాని ఖరీదు ఎక్కువమందికి అందదు. ఇక వేరే క్యాన్సర్ల సంగతికొస్తే, నోటి, గొంతు క్యాన్సర్లలో కీమోదే పైచేయి. సిస్‌ప్లాటిన్ పడనివారికి వారం వారం కొద్ది మోతాదులో డోసెటాక్సెల్ అనే మరో కీమో మందు ఉపయోగపడుతుందని 2023లో మన దేశంలోని పరీక్షే చూపింది. రొమ్ము తీసేసిన చోట, ఒకసారి రేడియేషన్ అయ్యాక మళ్లీ గడ్డ తిరగబెట్టినవారిలో మాత్రం నేను వేడి వైపే మొగ్గుతాను. అక్కడ గడ్డ పైపైనే ఉంటుంది, వేడి సులువుగా చేరుతుంది, రేడియేషన్ మళ్లీ పూర్తి మోతాదులో ఇవ్వలేము. 1996 నాటి ఉమ్మడి విశ్లేషణలో వేడి జోడించడంతో గడ్డ పూర్తిగా కరిగినవారు 41 నుంచి 59 శాతానికి పెరిగారు.

చివరగా, మూడో దశలో తరచుగా ఎదురయ్యే కిడ్నీల చిక్కు. గడ్డ మూత్రనాళాలను నొక్కేసి, కిడ్నీలు ఉబ్బి, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తగ్గితే పెరిగే పదార్థం) పెరిగి వచ్చిన మహిళకు సిస్‌ప్లాటిన్ ఇవ్వలేమని ఒక్కమాటతో పంపేయడం తొందరపాటు. ముందు యూరాలజీ వైద్యుల చేత మూత్రనాళాన్ని తెరిచి ఉంచే సన్నని గొట్టం (స్టెంట్) గాని, వీపు నుంచి కిడ్నీలోకి గొట్టం గాని వేయిస్తే చాలామందిలో క్రియాటినిన్ తగ్గి, సిస్‌ప్లాటిన్‌కు మళ్లీ దారి తెరుచుకుంటుంది. అలా చేసినా కిడ్నీలు కోలుకోనివారికి, వినికిడి ముందే దెబ్బతిన్నవారికి, ఉష్ణోగ్రత కొలిచే సౌకర్యం అదే ఆసుపత్రిలో ఉంటే వేడి చికిత్సను నేను మనస్ఫూర్తిగా సూచిస్తాను, ఎందుకంటే దానికి కిడ్నీలతో పని లేదు. ఆ సౌకర్యం లేనిచోట కార్బోప్లాటిన్‌తో సరిపెట్టుకోవచ్చు, దాని ఆధారం కొంత బలహీనమైనా. ఈ మూడింటిలో ఏదన్నది తేలేవరకు రేడియేషన్ ఆపి కూర్చోనక్కరలేదు. మూత్రం దారి సరిచేసి మనిషి కుదుటపడగానే మొదలుపెట్టి, తోడు చికిత్సను మొదటి వారంలోనో రెండో వారంలోనో కలుపుకోవచ్చు.