బోరీబందర్ నుంచి దాదర్ టీటీకి: ట్రామ్ దారిలో బస్సు ప్రయాణం

ముంబైలో సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్, పాతవాళ్ళకి బోరీబందర్) స్టేషన్ నుంచి దాదర్‌కి అందరూ లోకల్ ట్రైనే ఎక్కుతారు. తొందర లేనివాళ్ళు బస్సెక్కండి. మహమ్మద్ అలీ రోడ్డు, భిండీ బజార్, జేజే ఆసుపత్రి, బైకల్లా, లాల్‌బాగ్, పరేల్... ఒకప్పుడు ట్రామ్ పట్టాలున్న దారి ఇది. నంబరు చూసుకునే కంటే "దాదర్ టీటీ?" అని కండక్టర్‌ని అడగడం మేలు. ఆ టీటీ అంటే ట్రామ్ టెర్మినస్సే.

బొంబాయిలో 1874 మే 9న గుర్రపు ట్రాములు మొదలయ్యాయి. కంపెనీ సాలల్లో 900 గుర్రాలుండేవట! కరెంటు ట్రామ్ 1907లో, డబుల్ డెక్కర్ ట్రామ్ 1920లో వచ్చాయి. తమాషా ఏమిటంటే, ట్రామ్ పొట్టగొట్టిన బస్సును తెచ్చింది కూడా ఆ ట్రామ్ కంపెనీయే. 1926లో అఫ్ఘాన్ చర్చి నుంచి క్రాఫర్డ్ మార్కెట్ వరకు తొలి బస్సు తిప్పింది. తర్వాత ఒక్కో ట్రామ్ లైనూ మూతపడుతూ వచ్చింది. 1964 మార్చి 31 రాత్రి బోరీబందర్ నుంచి దాదర్‌కి నడిచిందే ఆఖరిది.

ఇప్పుడా దారిలో బస్సు మహమ్మద్ అలీ రోడ్డు దగ్గర నత్తనడకే. నెత్తిన ఫ్లైఓవర్, కింద తోపుడు బండ్లు, అత్తరు దుకాణాలు. కిటికీ పక్క సీటు దొరికితే ఆ ఆలస్యమే బాగుంటుంది. ఎండాకాలం లాల్‌బాగ్‌లో దిగితే మసాలా దంచే కొట్ల ముందు మిరప ఘాటుకి తుమ్ములు ఆగవు. సాయంత్రాలు మాత్రం వద్దు. ఆదివారం ఉదయమైతే హాయి. వినాయక చవితి రోజుల్లో లాల్‌బాగ్ వైపు బస్సు ఆలోచనే పెట్టుకోకండి. 2025 మేలో పెరిగాక కూడా కనీస టికెట్ మామూలు బస్సులో 10 రూపాయలు, ఏసీలో 12. ఈ ఊళ్ళో అంతకంటే చవగ్గా ఏం దొరుకుతుంది!

బస విషయానికొస్తే, సీఎస్‌ఎంటీ పక్కన మేం దిగిన లాడ్జిలో కిటికీ తీస్తే చేతికందే దూరంలో పక్క భవనం గోడ. వేణ్ణీళ్ళు తెల్లారి కాసేపే. అద్దె మాత్రం ఘనం. తర్వాత మారిన దాదర్ తూర్పు గది అంతకంటే పెద్దదేం కాదు గానీ గాలీ వెలుతురూ ఉన్నాయి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ దాదర్‌లోనూ ఆగుతుంది కాబట్టి మనవాళ్ళకి సామాను మోత తప్పుతుంది. బొంబాయి ఆంధ్ర మహాసభ ఉన్నది కూడా దాదర్ తూర్పులోనే. భోజనానికి పక్కనే మాటుంగా. అక్కడి రామా నాయక్ ఉడిపి హోటల్లో అరిటాకు భోజనం చేశాక రాత్రికి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ట్రాముల మీద ఆసక్తి ఉంటే అణిక్ బస్సు డిపోలో బెస్ట్ (ముంబై సిటీ బస్సులు నడిపే సంస్థ) మ్యూజియం ఉంది. పాత టికెట్లు, ట్రామ్ నమూనాలు చూడొచ్చు. కాస్త దూరం, తెరిచి ఉందో లేదో ముందే కనుక్కుని వెళ్ళాలి. అంత ఓపిక లేనివాళ్ళకి ఫ్లోరా ఫౌంటెన్ చాలు. 2017లో మరమ్మతుల కోసం తవ్వితే బయటపడ్డ ట్రామ్ పట్టాలను అక్కడే జనం చూసేలా ఉంచారు. టికెట్ లేదు, సీఎస్‌ఎంటీ నుంచి నడిచే దూరమే.