రాగి జావ: బీచ్ దగ్గర బల్లా, అపార్ట్‌మెంట్ ఆర్డర్లా?

విశాఖలో రాగి జావ వ్యాపారం నడుస్తుందో లేదో తేల్చుకోవడానికి దారులు రెండు.

ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే బల్ల వేస్తే నడకకు వచ్చినవాళ్లు ఆగి తాగుతారు. 200 మి.లీ. గ్లాసులు 30కి మజ్జిగతో కలిపి 6 లీటర్లు, సుమారు 600 గ్రాముల పిండి. రుచి మీద మాట అక్కడికక్కడే తెలుస్తుంది. అయితే దాహానికి తాగినవాడు రేపు మళ్లీ వస్తాడన్న నమ్మకం లేదు. ఉచితంగా పోస్తే అసలేమీ తెలియదు. బాగుందనడానికి ఎవరికీ ఖర్చు కాదు కదా. మజ్జిగ ముందే కలిపితే ఉక్కకు పులిసిపోతుంది. ఐస్ పెట్టెలో విడిగా ఉంచి, గ్లాసులో పోసేటప్పుడే కలపాలి.

రెండోది, ఎంవీపీ కాలనీలో ఒక్క అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వారం చందా. 6 రోజుల డబ్బు ముందే తీసుకోవాలి. "తప్పకుండా తీసుకుంటాం" అన్నవాళ్లు కాదు, డబ్బు వేసినవాళ్లే లెక్క. వండేదీ అంతకే కాబట్టి మిగులు ఉండదు. రెండో వారం అడక్కుండా ఎందరు కట్టారో, చుట్టాల పేర్లు కొట్టేసి చూడండి.

రోజూ తాగే సరుకు కాబట్టి మా ఓటు రెండోదానికే. ధర తేలకపోతే మాత్రం ముందు బీచ్‌లో ఒక ఆదివారం 20, మరో ఆదివారం 30 రూపాయలకు అమ్మి చూడాలి. దేనికైనా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పదు. బల్ల వేసేచోటు గురించి జీవీఎంసీలో (విశాఖ నగరపాలక సంస్థలో) ముందే కనుక్కోవాలి.