70 వేల లోపు కాలేజీకి గేమింగ్ లాప్‌టాప్: మా తమ్ముడికి కొన్నది, వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ బడ్జెట్ లో లాప్‌టాప్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఐ5 ఆ ఐ7 ఆ అని కొట్టుకోకండి, గ్రాఫిక్స్ కార్డు ఏది, దానికి కంపెనీవాడు ఎన్ని వాట్ల పవర్ ఇచ్చాడు, స్క్రీన్ ఎలాటిది, ఇవే అడగండి. విజయనగరంలో మేం తిరిగిన షాపుల్లో ఈ వాట్ల మాట వాళ్లంతట వాళ్లు ఎత్తినోళ్లు ఎవరూ లేరు, అందుకే కూర్చుని ఇంత రాస్తున్నాను.

మా తమ్ముడికి విజయనగరం దగ్గర కాలేజీలో సీఎస్‌ఈ సీటు వచ్చింది, హాస్టల్ వద్దన్నాడు, చీపురుపల్లి నుంచి రోజూ ట్రైన్ లో వెళ్లి వస్తాడు. నాన్న 70 వేలు దాటకూడదన్నారు. వాడికేమో వాలరెంట్ ఆడాలి, జీటీఏ 5 ఆడాలి, కోడింగ్ కూడా చెయ్యాలి. 2025 ఆగస్టులో కొన్నాం. ఇంటెల్ ఐ5 12450హెచ్‌ఎక్స్, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, 16 జీబీ ర్యామ్, ఫైళ్లు దాచుకోడానికి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే) స్క్రీన్, బ్యాగుతో కలిపి బిల్లు 67 వేల చిల్లర. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే టఫ్ అన్నా విక్టస్ అన్నా ఎల్‌ఓక్యూ అన్నా నైట్రో అన్నా ఒక్కో పేరు కింద బోలెడు మోడళ్లు ఉంటాయి, మోడల్ నంబర్ లో చివరి అక్షరాలు మారితే లోపల స్క్రీనూ బ్యాటరీ కూడా మారిపోతాయి, పేరు చూసి కొంటే ఏది వస్తాదో తెలీదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక షోరూంలో (పేరు వద్దు) సేల్స్ అబ్బాయి "ఐ7 ఉంది బాబూ, ఇదే బెస్ట్, అందరూ ఇదే తీసుకుంటున్నారు" అని ఒకటి తెచ్చి పెట్టాడు, చూస్తే అందులో ఆర్‌టీఎక్స్ 2050. ఈ 2050 ఏటంటే 4 జీబీ మెమరీ, 64 బిట్ బస్ (మెమరీ నుంచి డేటా వచ్చే దారి వెడల్పు), గేములకి ఐ7 ఎంత ఉన్నా ఇది వెనక్కి లాగేస్తాది. 3050 లో కూడా రెండు రకాలున్నాయి, 2021 లో వచ్చిన 4 జీబీది, తర్వాత వచ్చిన 6 జీబీది. ఆరు జీబీదాంట్లో లెక్కలు చేసే కోర్లు 2048 కి బదులు 2560 ఉంటాయి, బస్ మాత్రం 128 బిట్ నుంచి 96 కి తగ్గించారు, అయినా ఇప్పటి గేములు 4 జీబీ మెమరీని ఇట్టే నింపేస్తున్నాయి కాబట్టి ఆరుదే తీసుకోండి. బాక్సు మీద ఉత్తి 3050 అని ఉంటే ఎన్ని జీబీ అని నోరు తెరిచి అడగండి, మొహమాటపడొద్దు.

వాట్ల సంగతి ఇంకా పెద్దది. ఈ గ్రాఫిక్స్ చిప్పులు చేసే ఎన్‌విడియా వాళ్ల లెక్కలోనే, 3050 కంటే పై మెట్టులో ఉండే లాప్‌టాప్ 4050 కి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఇవ్వొచ్చు. అంటే మీ ఫ్రెండ్ ది 4050, మీది 4050, స్టిక్కర్ ఒకటే, కానీ ఒకడికి 45 వాట్లు ఇంకోడికి 105 వాట్లు అయితే ఫ్రేములు (గేమ్ లో సెకనుకి వచ్చే బొమ్మలు) ఎక్కడా కలవవు. సన్నగా తేలిగ్గా ఉన్న మోడళ్లలో ఎక్కువగా వాట్లు తగ్గించేస్తారు, వేడి బయటికి పోయే దారి ఉండదు కాబట్టి. కంపెనీ వెబ్‌సైట్ లో స్పెసిఫికేషన్ పేజీ కిందకంటా చదివితే చాలా వాటికి టీజీపీ అని (ఈ వాట్ల లెక్కే) రాసి ఉంటాది. షాపులో డెమో పీస్ ఉంటే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కండి, మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని అక్కడే కనిపిస్తాది. విజయనగరం మూడు లాంతర్ల సెంటర్ వైపు మేం చివరికి కొన్న చిన్న షాపాయన అయితే నేను అడగ్గానే పీస్ ఆన్ చేసి ఇచ్చేసి "నువ్వే చూసుకో బాబూ, తొందరేం లేదు" అన్నారు, ఆన్‌లైన్ రేటు కంటే కాస్త ఎక్కువైనా అక్కడే కొనడానికి కారణం అదే, ఎదురుగా పెట్టి చూడనివ్వడం.

స్క్రీన్ గురించి. స్పెసిఫికేషన్ లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపిస్తాదో చెప్పే కొలత) అని కనిపిస్తే రంగులు వెలిసినట్టు ఉంటాయని అర్థం, 250 నిట్స్ వెలుతురు అంటే పగటిపూట క్లాసులో కిటికీ పక్కన కూర్చుంటే కళ్లు చికిలించుకోవాల్సిందే. మాది 100 శాతం ఎస్ఆర్‌జీబీ (ఇదీ రంగుల కొలతే, ఇంత ఉంటే రంగులు నిండుగా ఉంటాయి), ఆ రెండు రకాల స్క్రీన్లూ పక్కపక్కన పెట్టి ఒకే ఫోటో తెరిచి చూశాం, ఇంక మా నాన్నకి కూడా వేరే చెప్పక్కర్లేకపోయింది. నాలుగేళ్లు రోజూ చూసే వస్తువు, దీనికోసం రెండు మూడు వేలు ఎక్కువైనా పెట్టండి.

బ్యాటరీ గురించి ట్రైన్ లో తిరిగే పిల్లలు జాగ్రత్తగా చదవండి. రైజెన్ 7 7435హెచ్‌ఎస్ అని ఒక ప్రాసెసర్ తక్కువ రేటులో చాలా లాప్‌టాప్‌లలో వస్తోంది, పవర్ బాగానే ఉంటాది, 8 కోర్లు 16 థ్రెడ్లు, కానీ దాంట్లో లోపల గ్రాఫిక్స్ ఉండదు. అంటే నువ్వు ఉత్తి పీడీఎఫ్ చదువుతున్నా పెద్ద గ్రాఫిక్స్ కార్డు నడుస్తూనే ఉండాలి, బ్యాటరీ గబగబా అయిపోతాది. ఎప్పుడూ టేబుల్ మీద ఛార్జర్ పెట్టుకుని వాడేవాళ్లకి అది మంచి బేరమే, మావాడికి మాత్రం కుదరదని వదిలేశాం. మాదాంట్లో ఇంటెల్ గ్రాఫిక్స్ వేరే ఉంది కాబట్టి క్లాసు నోట్సు, వీఎస్ కోడ్ (కోడింగ్ రాసుకునే సాఫ్ట్‌వేర్), బ్రౌజర్ కలిపి నాలుగు గంటలు దగ్గర దగ్గర వస్తోంది. గేమ్ మాత్రం ఛార్జర్ లేకుండా ఆడొద్దు, ఏ లాప్‌టాప్ అయినా బ్యాటరీ మీద గ్రాఫిక్స్ పవర్ బాగా కోసేస్తాది. బరువు ఛార్జర్ తో కలిపి మూడు కేజీల దగ్గరుంటాది, సాయంత్రం ప్యాసింజర్ లో నిలబడి రావాలంటే భుజం లాగేస్తాదని వాడు అంటాడు, అది నిజమే.

గేములు ఎలా ఉన్నాయంటే, వాలరెంట్ 144 ఫ్రేములు దాటి హాయిగా వస్తోంది. జీటీఏ 5 హై సెట్టింగ్స్ లో ఎక్కడా ఆగి ఆగి రాలేదు, సైబర్‌పంక్ లాంటి బరువైనవి మీడియం పెట్టి డీఎల్ఎస్ఎస్ (చిన్న బొమ్మని ఏఐతో పెద్దది చేసి ఫ్రేములు పెంచే ఎన్‌విడియా సదుపాయం) ఆన్ చేస్తే ఆడుకోవచ్చు. ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు ఏఐతో పుట్టించడం) మాత్రం 3050 లో రాదు, ఎన్‌విడియాది 40 సిరీస్ నుంచే. 512 ఎస్‌ఎస్‌డీ చాలదు, జీటీఏ ఒక్కటే 100 జీబీ పైన తినేస్తాది, అందుకే రెండో ఎం.2 స్లాట్ (ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే చోటు) ఉందా లేదా కొనే ముందే కనుక్కోండి. వాలరెంట్ కి విండోస్ 11 లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు సెక్యూరిటీ సెట్టింగులు ఆన్ లో ఉండాలి, పక్కన లైనక్స్ వేసుకునే సీఎస్‌ఈ పిల్లలు సెక్యూర్ బూట్ ఆపేస్తే గేమ్ తెరుచుకోదు, ఉబుంటు అనే లైనక్స్ అయితే సెక్యూర్ బూట్ ఆన్ లో ఉన్నా ఎక్కుతాది కాబట్టి అదే వేసుకోమన్నాను.

ర్యామ్ విషయంలో అందరూ ఇచ్చే సలహా ఇప్పుడు పని చెయ్యదు. ఇదివరకు 8 జీబీది కొని తర్వాత ఇంకో 8 వేసుకోమనేవాళ్లం, 2025 చివర నుంచి ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగిపోయాయి, ఏఐ డేటా సెంటర్లకే మెమరీ అంతా పోతోంది. కాబట్టి మొదట్లోనే 16 ఉన్నదే తీసుకోండి, ఆండ్రాయిడ్ స్టూడియోలో (ఫోన్ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్ లో నడిచే ఉత్తుత్తి ఫోన్, తెరిచి పక్కన క్రోమ్ పెట్టుకున్నా 8 సరిపోదు.

వారంటీలో ఆన్‌సైట్ (ఇంటికొచ్చి బాగుచేస్తారని) అని రాసి ఉంటే సంబరపడిపోకండి, మీ పిన్‌కోడ్ కి ఇంజినీరు ఇంటికొస్తాడా లేదా అని కంపెనీ కస్టమర్ కేర్ నే అడగండి, ఊళ్లలో ఉన్నవాళ్లకి ఇది చాలా ముఖ్యం, లేకపోతే చిన్న రిపేరుకి కూడా వైజాగ్ పరిగెత్తాలి, పని మానుకుని అంత దూరం పోయిరావడం ఎవరివల్ల అవుతుంది. నో కాస్ట్ ఈఎంఐలో కూడా ప్రాసెసింగ్ ఫీజు, కార్డు అయితే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడతాయి, కలిపి చూసుకోండి.

మనవైపు మే నెలలో ఉక్కకి ఫ్యాన్లు విమానంలా మోగుతాయి, వెనకవైపు కాస్త ఎత్తు పెట్టండి, పరుపు మీద అస్సలు పెట్టొద్దు. ఇంకోటి, పాత ఇళ్లలో ప్లగ్గులకి ఎర్తింగ్ ఉండదు, ఛార్జింగ్ లో ఉండగా మెటల్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటాది. పాడైపోయిందని షాపుకి పట్టుకెళ్లకుండా ముందు ఎలక్ట్రీషియన్ ని పిలిచి ఎర్తింగ్ చూపించండి, మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి వాడడం మాత్రం చెయ్యొద్దు.

మెకానికల్, సివిల్ వాళ్లకి ఆటోక్యాడ్ స్టూడెంట్ లైసెన్స్ ఉచితం, ఈ 3050 దానికి బాగా సరిపోతాది. మెషీన్ లెర్నింగ్ సీరియస్ గా చేద్దామనుకున్నవాళ్లకి 6 జీబీ మెమరీ త్వరగానే చాలకుండా పోతాది, అలాంటివాళ్లు చిన్న మోడళ్లు దీంట్లో చేసుకుని పెద్దవి గూగుల్ కొలాబ్ లో (ఆన్‌లైన్ లో గూగుల్ కంప్యూటర్ల మీద) నడుపుకోవచ్చు. బడ్జెట్ ఇంకాస్త సాగితే మంచి వాట్లున్న 4050 తీసుకోండి, సాగకపోతే అప్పు చెయ్యొద్దు, ఇది చాలు.