ప్యాలెస్ మూసేశారంటే నమ్మకండి

బ్యాంకాక్ వెళ్లేవాళ్లకు ముందుగా ఒక మాట. గ్రాండ్ ప్యాలెస్ గోడ పక్కన ఎవరైనా ఎదురొచ్చి "ఈరోజు పూజలున్నాయి, మధ్యాహ్నం దాకా తెరవరు" అంటే, జవాబు కూడా ఇవ్వకుండా గేటు దాకా నడవండి. మేం ఆగిపోయాం.

ఆ మనిషి ఇస్త్రీ చొక్కాతో, మెడలో ఏదో కార్డుతో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. నా చేతిలోని మ్యాపు తీసుకుని పెన్నుతో మూడు గుళ్ల చుట్టూ సున్నాలు చుట్టాడు. పక్కనే టుక్‌టుక్, అంటే అక్కడి ఆటో, సిద్ధంగా ఉంది. అన్నీ తిప్పి తెస్తే 40 బాత్‌లేనట. మన డబ్బులో వంద రూపాయలకు అటూ ఇటూ. ముగ్గురిని అంత చవగ్గా ఎందుకు తిప్పుతాడని మా ఆవిడ అడిగింది. నేను వినిపించుకోలేదు.

మొదటిది నిజంగా గుడే. తర్వాత బండి రత్నాల కొట్టు ముందు ఆగింది. అక్కడి నుంచి సూట్లు కుట్టే దుకాణం. మెడలో టేపు వేసుకున్నతను అడగకుండానే నా భుజాల కొలత తీశాడు, వద్దనేసరికి ముఖం మాడ్చుకున్నాడు. ఇంకో కొట్టులో పది నిమిషాలు కూర్చుంటే చాలు, తనకు పెట్రోలు కూపను ఇస్తారని డ్రైవరు బతిమాలాడు. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. ఆ ఉక్కపోతలో చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ బండిలోనే కూర్చుండిపోయింది. తొమ్మిదికి బయల్దేరిన వాళ్లం దిగేసరికి పన్నెండున్నర.

భోజనం ఇంకో గంటన్నర తినేసింది. శాకాహారం అన్నచోట కూడా చేపల సాస్ పడుతుంది. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరాలతో 'జే', అంటే శుద్ధ శాకాహారం, అని రాసిన బండి దొరికాకే అమ్మ తింది. జే వంటలో వెల్లుల్లి, ఉల్లి కూడా వెయ్యరు కాబట్టి మన పెద్దవాళ్లకు అంతకు మించిన తిండి ఆ ఊళ్లో లేదు. అన్నం, టోఫు కూర 50 బాత్‌లు. మా ఆవిడ మాత్రం తింటున్నంతసేపూ నాతో మాట్లాడలేదు.

ప్యాలెస్‌కు చేరేసరికి మూడు. అది పొద్దున ఎనిమిదిన్నర నుంచి తెరిచే ఉందట! టికెట్లు మూడున్నర దాకానే ఇస్తారు, మనిషికి 500 బాత్‌లు. లోపల మరకత బుద్ధుడి గుడి చుట్టూ వసారా గోడల నిండా రామాయణమే, 178 చిత్రాలు. జనకుడికి నాగేటి చాలులో సీత దొరకడంతో మొదలవుతుంది. రాముడు ఆకుపచ్చగా, హనుమంతుడు తెల్లగా ఉంటారు. ఒక గోడ దగ్గర అమ్మ ఆగిపోయింది. కొండంత హనుమంతుడు, తెరిచిన నోట్లో రాముడి విడిది. "మైరావణుడి కథ కదూ!" అంది. అవును, వాళ్లు మైయరాప్ అంటారు. మనవైపు హనుమంతుడు తోకతో కోట కట్టి కాపలా కాస్తే, వీళ్ల రామాయణం రామకీయన్‌లో విడిదినే నోట్లో దాచుకుంటాడు. బంగారు రేకు మెరిసే ఆ గోడ ముందు అమ్మ పొద్దుటి అలసటంతా మరిచిపోయి, మా ఆవిడకు కథ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.

మిగతా రెండు రోజులూ ఏ ఇబ్బందీ లేదు. విమానాశ్రయం నుంచి రైలు 45 బాత్‌లు. అవతలి ఒడ్డున ఉన్న వాట్ అరుణ్ గుడికి 5 బాత్‌ల పడవలో నది దాటండి, టుక్‌టుక్ జోలికి పోకండి.

ప్యాలెస్‌కు మాత్రం పొద్దున ఎనిమిదిన్నరకల్లా వెళ్లండి. మేం సగం గోడలు కూడా చూడకముందే కాపలావాళ్లు వచ్చి వేళ అయిపోయిందన్నారు. మళ్లీ 1,500 బాత్‌లు పెట్టి రావద్దని అమ్మే అంది. పట్టాభిషేకం ఏ గోడ మీద ఉందో చూడకుండానే వచ్చేశాం.