వేలెడంత యోధులు, చేతిలో నిప్పు: బ్యాటిల్ సిస్టర్స్ స్క్వాడ్ పెట్టె సమీక్ష

గేమ్స్ వర్క్‌షాప్ అనే బ్రిటిష్ సంస్థ నాటింగ్‌హామ్ నుంచి విడుదల చేసే వార్‌హామర్ 40,000 అనే, చిన్న బొమ్మలతో బల్ల మీద ఆడే యుద్ధక్రీడలో సైన్యాలకు కొదవ లేదు. వాటిలో నన్ను ఎక్కువ కాలం కట్టిపడేసింది అడెప్టా సొరోరిటాస్. ఆటగాళ్లందరూ వీరిని సిస్టర్స్ ఆఫ్ బ్యాటిల్ అని పిలుస్తారు. ఈ దళానికి మూలస్తంభం బ్యాటిల్ సిస్టర్స్ స్క్వాడ్ అనే పెట్టె. దీన్ని కొని, అతికించి, రంగులు వేసి, కొన్ని ఆటలు కూడా ఆడిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. పెట్టె తెరిచిన రోజే రాసి ఉంటే ముఖాల చెక్కడం గురించి తప్ప మరేమీ చెప్పగలిగేవాడిని కాదు. ఈ బొమ్మల అసలు విలువ తెలియాలంటే వాటితో ఆడి చూడాలి.

కొనే ముందు వీరెవరో తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే కథ తెలియనివారికి ఈ శిల్పంలో సగం అర్థం కాదు. ఈ క్రీడాప్రపంచం మన కాలానికి దాదాపు నలభై వేల ఏళ్ల తర్వాతిది. అక్కడ అంతరిక్ష నౌకలూ ఉన్నాయి, పిశాచాలూ ఉన్నాయి. మానవ సామ్రాజ్యం తన చక్రవర్తినే దేవుడిగా కొలుస్తుంది. 36వ సహస్రాబ్దిలో గోజ్ వాండైర్ అనే అధికారి పరిపాలననూ, మతపీఠాన్నీ ఒకే గుప్పిట్లోకి తెచ్చుకుని రక్తపాతం సృష్టిస్తాడు. శాన్ లియోర్ అనే మారుమూల గ్రహం మీద చక్రవర్తి పుత్రికలుగా తపోజీవితం గడుపుతున్న స్త్రీలను మాయమాటలతో లోబరచుకుని తన అంగరక్షకులుగా మార్చుకుంటాడు. చివరికి వారి నాయకురాలు అలీసియా డొమినికాను చక్రవర్తి స్వర్ణ సింహాసనం ముందుకు తీసుకువెళతారు. అక్కడ ఆమె ఏమి చూసిందో, ఏమి విన్నదో ఎవరికీ చెప్పదు. తిరిగివచ్చి వాండైర్ తలను తన చేత్తోనే నరుకుతుంది.

ఆ తర్వాత వచ్చిన శాసనం ఈ కథ మొత్తానికీ కీలకమని నా అభిప్రాయం. మతపీఠం మళ్లీ సైన్యాన్ని పెంచుకోకుండా, ‘ఆయుధధారులైన పురుషులను’ అది ఉంచుకోరాదని కొత్త నియమం విధిస్తారు. ఆ నియమంలోని ‘పురుషులు’ అన్న ఒక్క మాటను పట్టుకునే స్త్రీల సైన్యం నిలబడుతుంది. భక్తి, చట్టం, యుద్ధం మూడూ ఒకే వాక్యంలో ముడిపడిన కల్పన ఇది. దీన్ని మొదటిసారి చదివినప్పుడు, రాసినవారికి మతసంస్థలు నిజంగా ఎలా పనిచేస్తాయో బాగా తెలుసుననిపించింది.

వీరిని అర్చకులనడం పూర్తిగా సరిపోదు, సైనికులనడం కూడా అంతే. తెలుగులో ‘దీక్ష పట్టినవారు’ అన్న మాటే వీరికి దగ్గరగా తోస్తుంది. గోదావరి జిల్లాల్లో వీరభద్రుడి సంబరం చూసినవారు, ‘శరభ శరభ’ అన్న కేకతో నారసాలు గుచ్చుకుని నిప్పుల గుండం వైపు నడిచే మనిషి ముఖాన్ని మరచిపోలేరు. అక్కడ నిప్పు భక్తుడు తనను తాను పరీక్షించుకునే చోటు. ఇక్కడ మాత్రం అదే నిప్పు ఎదుటివాడి మీద తీర్పుగా పడుతుంది. ఈ తేడా చిన్నది కాదు. అందుకే ఈ బొమ్మలను మెచ్చుకుంటూనే, వీరు కొలిచే సామ్రాజ్యం క్రూరమైనదని నేను ఎప్పుడూ గుర్తుంచుకుంటాను. ఈ ఆటలో మంచివాళ్ల పక్షమంటూ ఏదీ లేదు. పిల్లలకు కొనిచ్చే పెద్దలు ఆ సంగతి ముందుగా వారితో మాట్లాడాలి.

ఇక వస్తువు సంగతికి వస్తాను. సిస్టర్స్‌కు సొంత నియమగ్రంథం 1997లో వచ్చింది. అప్పటి బొమ్మలు లోహంతో పోతపోసినవి. చూడడానికి గంభీరంగా ఉండేవి, బరువుగానూ ఉండేవి, కానీ చేతుల భంగిమలు మార్చుకునే వీలు దాదాపు ఉండేది కాదు. రెండు దశాబ్దాలకు పైగా అభిమానులు అవే బొమ్మలతో ఆడారు. 2019 చివర్లో పరిమిత సంఖ్యలో ఒక పెద్ద సైన్యపు పెట్టె, 2020లో విడివిడి పెట్టెలు రావడంతో దళం మొత్తం ప్లాస్టిక్‌లోకి మారింది. నేను సమీక్షిస్తున్నది ఆ విడి పెట్టెల్లో ఒకటి.

ఇందులో పది మంది యోధురాళ్లకు కావలసిన భాగాలు, 32 మిల్లీమీటర్ల గుండ్రటి పీఠాలు పది ఉంటాయి. బూడిదరంగు ప్లాస్టిక్ ఫ్రేముల్లో తలలు, చేతులు, కవచాలు, ఆయుధాలు అన్నీ విడివిడిగా అమర్చి ఉంటాయి. శిరస్త్రాణం పెట్టుకున్న తలలూ, ముఖం కనిపించే తలలూ రెండు రకాలూ ఉండడంతో ఏ ఇద్దరూ ఒకేలా కనబడకుండా తయారుచేసుకోవచ్చు. నాయకురాలికి గొలుసురంపాన్ని పోలిన చెయిన్‌స్వోర్డ్ మొదలుకొని కొన్ని ఆయుధాల ఎంపిక ఉంది. పవిత్ర చిహ్నాన్ని మోసే యోధురాలికి ప్రత్యేక భాగాలున్నాయి. వీరితో పాటు ధూపపాత్ర పట్టుకుని గాల్లో తేలే, సగం యంత్రమైన ఒక శిశు రూపం కూడా ఉంది. దాని పేరు ఇన్సెన్సర్ చెరబ్. మొదటి చూపులో ముచ్చటగా కనిపించే ఈ చిన్న బొమ్మను దగ్గరగా చూసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. ఈ క్రీడాప్రపంచం స్వభావం ఆ ఒక్క బొమ్మలోనే తెలిసిపోతుంది.

ఫ్లేమర్, అంటే నిప్పు చిమ్మే తుపాకీ, పట్టుకున్న యోధురాలి దగ్గర కాసేపు ఆగాలి. అంగుళంన్నర ఎత్తు కూడా లేని బొమ్మ అది. భూతద్దం కింద పెట్టి చూస్తే కవచం మీద కలువను పోలిన ఫ్లూర్-డి-లీ చిహ్నం, నడుము నుంచి వేలాడే జపమాల, మైనపు ముద్రతో అతికించిన ప్రార్థన చీటీ, ఆ చీటీ మీద అక్షరాలను తలపించే సన్నని గీతలు కనిపిస్తాయి. నేను ఆమెకు నోరు తెరిచి ఉన్న తలను ఎంచుకున్నాను. ఈ కథలో సిస్టర్స్ కీర్తనలు పాడుతూ యుద్ధంలోకి దిగుతారు కాబట్టి ఆ నోట ఉన్నది కేక కాదు, పాట అని అనుకోవడం నాకు నచ్చింది. ముఖాల్లో సౌకుమార్యం లేదని కొందరు ఆటగాళ్లు ఫిర్యాదు చేస్తుంటారు. ఆ ఫిర్యాదుతో నేను ఏకీభవించను. బాల్యం నుంచి ఆశ్రమంలో పెరిగి, జీవితమంతా యుద్ధంలో గడిపిన స్త్రీ దవడ బిగుసుకునే ఉంటుంది. శిల్పులు దాన్ని దాచకపోవడమే ఈ పెట్టెలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం.

అతికించడం మాత్రం తేలిక కాదు. ఏ చేయి ఏ మొండేనికి సరిపోతుందో సూచనల పుస్తకంలో అంకెలతో చూపించారు. ఆ అంకెలను పక్కనపెట్టి ఇష్టం వచ్చినట్టు కలిపితే, తుపాకీ పట్టుకున్న రెండో చేయి దాని స్థానంలోకి రాకుండా మొరాయిస్తుంది. ఫ్రేము నుంచి భాగాలను చేత్తో విరవకుండా చిన్న కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి, అచ్చు కలిసిన చోట మిగిలే సన్నని గీతను బ్లేడు వీపుతో మెల్లగా గీకాలి. ప్లాస్టిక్ సిమెంట్ రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది కనుక ఈ బొమ్మలకు మామూలు సూపర్ గ్లూ కంటే అదే మేలు. అయితే ఒక చుక్క ఎక్కువైనా జపమాల పూసలు కరిగిపోతాయి. ఒక్కో బొమ్మకు నాకు ముప్పావు గంట పైనే పట్టింది. ఇంతకు ముందు ఎప్పుడూ బొమ్మలు అతికించనివారు దీనితో మొదలుపెట్టవద్దని నా సలహా. ఇదే ఆటలోని, పెద్ద భుజాలున్న స్పేస్ మెరీన్ సైనికుల బొమ్మలు రెండు మూడు చేసి, చెయ్యి తిరిగిన తర్వాత దీన్ని తెరవండి.

రంగుల విషయంలో మన తీరప్రాంతంవారికి ఒక హెచ్చరిక. రంగుకు ముందు అడుగుపూతగా వేసే స్ప్రే ప్రైమర్‌ను గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున వాడకూడదు. ఆగస్టులో ఒక మబ్బు పట్టిన సాయంత్రం మేడ మీద తొందరపడి కొట్టినందుకు రెండు బొమ్మల మీద ప్రైమర్ ఇసుక రేణువుల్లా గరుకుగా గట్టిపడింది. ఆ జపమాలలు, చీటీల గీతలు అన్నీ దాని కింద పూడిపోయాయి. ఆ తప్పు పూర్తిగా నాదే. మిగిలిన ఎనిమిదింటికి బ్రష్‌తోనే పల్చగా రెండు పూతలు వేశాను, అవి చక్కగా కుదిరాయి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉండేవారు వానాకాలంలో బ్రష్ ప్రైమర్‌కే కట్టుబడడం మంచిది.

నేను ఎంచుకున్నవి ఈ దళంలోని ఒక శాఖ అయిన ఆర్డర్ ఆఫ్ అవర్ మార్టిర్డ్ లేడీ రంగులు: నల్ల కవచం, ఎర్ర వస్త్రం, తెల్ల జుట్టు. నలుపు సులువుగా కనిపిస్తుంది కానీ అంచుల మీద సన్నటి బూడిదరంగు గీత పడకపోతే బొమ్మ మొత్తం ఒక నీడలా మిగిలిపోతుంది. ఫ్లేమర్ గొట్టం దగ్గర నేను ఎక్కువ సమయం గడిపాను. వేడికి కమిలిన ఇనుము మీద గడ్డిరంగు, గోధుమ, ఊదా, నీలం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కొలిమి దగ్గర నిలబడి చూసినవారికి ఇది తెలిసిందే. పీఠం మీద మంట గీయదలచినవారు, మంటకు వెలుగు లోపలే ఎక్కువని గుర్తుంచుకోవాలి. మొదట్లోనే అత్యంత లేత పసుపు, పైకి పోయేకొద్దీ నారింజ, కొసల్లో ఎరుపు రావాలి. దీన్ని తలకిందులుగా వేయడం కొత్తవారు చాలామంది చేసే పొరపాటు.

ఇక ఆట సంగతి. ఈ దళానికి పవిత్రమైన ఆయుధాలు మూడు: పేలే గుళ్లు కాల్చే బోల్టర్, నిప్పు చిమ్మే ఫ్లేమర్, తీవ్రమైన వేడితో కరిగించే మెల్టా. 2023లో వచ్చిన 10వ కూర్పు నియమాల ప్రకారం ఫ్లేమర్ 12 అంగుళాల దూరం వరకే పనిచేస్తుంది కానీ దానికి గురి చూసే పాచిక వేయనవసరం లేదు. ఆరు ముఖాల పాచిక వేసి ఎన్ని పడితే అన్ని దెబ్బలు నేరుగా తగిలినట్టే లెక్క. చాటున దాక్కున్న శత్రువుకు ఆ చాటు కూడా అక్కరకు రాదు. దీనివల్ల ఆటగాడి ఆలోచనే మారిపోతుంది. దూరం నుంచి కాల్చుకుంటూ కూర్చోవడానికి బదులు, చచ్చినా సరే ఆ పన్నెండు అంగుళాల్లోకి చేరుకోవాలనే తపన పట్టుకుంటుంది. అంటే, దీక్ష పట్టినవారి మనస్తత్వాన్ని ఒక కొలత ద్వారా ఆటగాడి చేతుల్లో పెట్టారన్నమాట.

దీనికి తోడు ‘మిరకిల్ డైస్’ అనే నియమం ఉంది. సిస్టర్స్ సైన్యం నడిపేవారు ఆట సాగేకొద్దీ కొన్ని పాచికలను ముందుగానే వేసి, పడిన అంకెలను మార్చకుండా పక్కన దాచుకుంటారు. తమ దళాల్లో ఒకటి నశించినప్పుడు కూడా అలాంటి పాచిక ఒకటి చేతికి వస్తుంది. తర్వాత ఏదైనా కీలకమైన క్షణంలో కొత్తగా పాచిక వేయడానికి బదులు, దాచుకున్న అంకెను అక్కడ పెట్టవచ్చు. మిగతా సైన్యాలు అదృష్టం కోసం ఎదురుచూస్తుంటే వీరికి మాత్రం జరగబోయేది ముందే తెలిసి ఉంటుంది. చనిపోయినవారి త్యాగం బతికున్నవారి చేతిలో ఒక పాచికగా మారుతుంది. ఇంతకు ముందు నేను ఆడిన ఆటల్లో విశ్వాసం అనేది కథాపుస్తకంలోని వర్ణన మాత్రమే. ఇక్కడ అది బల్ల మీద అందరికీ కనిపిస్తూ, ఎదుటివారిని కూడా భయపెడుతూ నిలుచుంటుంది. నా ప్రత్యర్థి ఒకసారి తన ట్యాంకును ముందుకు జరపబోయి, నా పక్కన ఉన్న రెండు ఆరులను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

లోపాలు లేవని చెప్పను. నిప్పు కోసమే ఈ పెట్టె కొనేవారు, పది మందీ నిప్పు పట్టరని తెలుసుకోవాలి. ఆట నియమాల ప్రకారం ఇందులో చాలామంది చేతుల్లో ఉండేవి బోల్టర్లే, ఫ్లేమర్ ఒకరిద్దరికి మాత్రమే దక్కుతుంది. ఇంకా నిప్పు కావాలంటే పెద్ద ఫ్లేమర్లు మోసే రెట్రిబ్యూటర్ స్క్వాడ్ ఐదుగురి పెట్టెనో, ఇమ్మొలేటర్ అనే వాహనాన్నో విడిగా కొనాలి. ధర చిన్నది కాదు. రంగులు, జిగురు, పనిముట్లు, నియమగ్రంథం ఏవీ పెట్టెలో రావు కాబట్టి అట్ట మీది ధరను మొత్తం ఖర్చుగా లెక్కవేయకూడదు. పైగా నియమాలు కొన్నేళ్లకొకసారి మారుతుంటాయి కనుక, బొమ్మలు నచ్చి కొనడం వేరు, ఈనాటి నియమాల బలం చూసి కొనడం వేరు. నేను మొదటి కారణంతోనే కొన్నాను, కొనేవారికి కూడా అదే సూచిస్తాను.

ఇప్పుడు నా బల్ల మీద ఎనిమిది మంది పూర్తయి ఉన్నారు. ఇసుకలా గట్టిపడిన ఆ ఇద్దరి ప్రైమర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోముతున్నాను. ఒకరి నడుము దగ్గర జపమాల పూసలు నిన్న రాత్రి మళ్లీ బయటపడ్డాయి.