హెల్మ్: ఏళ్ల తరబడి వాడాక, జాబ్ లేబుళ్ల సంగతి

హెల్మ్‌ని రెండో వెర్షన్ నుంచీ వాడుతున్నాను. కంటైనర్లను చాలా మెషీన్ల మీద నడిపే కుబెర్నెటీస్‌లో అప్లికేషన్లు పెట్టడానికి ఈ టూల్ కంటే నాకు నచ్చినది లేదు. రోల్‌బ్యాక్ (పాత స్థితికి వెనక్కి వెళ్లడం) గురించి, వేల్యూస్ ఫైళ్ల (సెట్టింగులు రాసే ఫైళ్ల) గురించి చాలామంది రాశారు. అప్‌గ్రేడ్ రోజున నిజంగా టెన్షన్ పెట్టేవి మాత్రం లేబుళ్లు (కుబెర్నెటీస్‌లోని వాటికి తగిలించే పేరు-విలువ జతలు), అందులోనూ జాబ్‌ల (ఒకసారి నడిచి ముగిసే పనుల) మీద ఉండేవి.

2019 నవంబరులో మూడో వెర్షన్ వచ్చింది. క్లస్టర్ (కుబెర్నెటీస్ నడిచే మెషీన్ల గుంపు) లోపల కూర్చుని పెత్తనం చేసే టిల్లర్ అనే సర్వర్ భాగాన్ని తీసేశారు. చాలా మంచి పని. అయితే దాంతోపాటే ఇంకో చిన్న మార్పు వచ్చింది. టెంప్లేట్లలో రాసే 'రిలీజ్.సర్వీస్' అనే వేరియబుల్ విలువ అంతకుముందు 'టిల్లర్', ఆ తర్వాత 'హెల్మ్'. పాత చార్టుల్లో (హెల్మ్ ప్యాకేజీల్లో) 'హెరిటేజ్' అనే లేబుల్ విలువ అక్కడి నుంచే వచ్చేది. చార్టులో ఒక్క అక్షరం ముట్టుకోకపోయినా లేబుల్ మారిపోతుందన్నమాట.

జాబ్ పైనుండే మెటాడేటాలో మారితే ఏమీ కాదు. అదే లేబుల్ జాబ్ లోపలి పాడ్ టెంప్లేట్‌లో (అది నడిపే కంటైనర్ల నమూనాలో) ఉంటే మాత్రం కుబెర్నెటీస్ ఒప్పుకోదు. 'ఫీల్డ్ ఈజ్ ఇమ్యూటబుల్' (దీన్ని మార్చడం కుదరదు) అని అప్‌గ్రేడ్ ఆగిపోతుంది. ఎప్పుడూ నడిచే అప్లికేషన్లకు వాడే డిప్లాయ్‌మెంట్‌లో, ఏ పాడ్లు తనవో లేబుళ్లతో గుర్తించే సెలెక్టర్‌లో ఉన్నా, డేటా దాచుకునే అప్లికేషన్లకు వాడే స్టేట్‌ఫుల్‌సెట్‌లోని వాల్యూమ్ క్లెయిమ్ టెంప్లేట్‌లో (డిస్క్ కోరే నమూనాలో) ఉన్నా ఇదే గొడవ. జాబ్‌ని చెరిపేసి మళ్లీ పెట్టొచ్చు, డేటా ఉన్న స్టేట్‌ఫుల్‌సెట్‌తో అంత ధైర్యం చేయలేం. అలాంటి చోట్ల వేరియబుల్ తీసేసి, పాత విలువ 'టిల్లర్' అనే నేరుగా రాసేయడం మేలు. చూడ్డానికి బాగుండదు కానీ పని ఆగదు.

చార్టు పేరూ వెర్షనూ కలిపి రాసే 'చార్ట్' లేబుల్‌తో అయితే ప్రతి అప్‌గ్రేడ్‌లోనూ ఇదే తంతు. వెర్షన్ పెరిగిందంటే లేబుల్ మారినట్టే. అందుకే నా చార్టుల్లో లేబుళ్లు రాసే రెండు హెల్పర్లు (మళ్లీ మళ్లీ వాడుకునే చిన్న టెంప్లేట్లు) విడివిడిగా ఉంటాయి. సెలెక్టర్లకీ పాడ్ టెంప్లేట్లకీ 'నేమ్', 'ఇన్‌స్టెన్స్' లేబుళ్లే వెళ్తాయి, వెర్షన్ లాంటివన్నీ పై మెటాడేటాకే. 'హెల్మ్ క్రియేట్' కమాండ్ ఇచ్చే నమూనా చార్టులో కూడా సెలెక్టర్ లేబుళ్లు విడిగానే ఉంటాయి, ఆ ఏర్పాటు నాకు బాగా నచ్చింది.

డేటాబేస్ మైగ్రేషన్ లాంటి జాబ్‌లకు లేబుళ్లు ఒక్కటే సరిచేస్తే చాలదు. ఇమేజ్ ట్యాగ్ మారినా అదే ఎర్రర్ వస్తుంది. వాటిని ప్రీ-అప్‌గ్రేడ్ హుక్‌గా (అప్‌గ్రేడ్‌కి ముందు హెల్మ్ విడిగా నడిపేదిగా) పెట్టి, డిలీట్ పాలసీ 'బిఫోర్-హుక్-క్రియేషన్' అని రాస్తే, పాత జాబ్ పోయాకే కొత్తది వస్తుంది. హుక్‌తో ఒక ఇబ్బంది ఉంది: రిలీజ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఆ జాబ్ అక్కడే ఉండిపోతుంది. నిర్ణీత సమయాల్లో జాబ్‌లను నడిపే క్రాన్‌జాబ్‌లకు ఈ మార్చలేని టెంప్లేట్ బెడద లేదు, వాటిలోని టెంప్లేట్‌ని మార్చుకోవచ్చు.

చార్టులో తప్పులు వెతికే 'హెల్మ్ లింట్' ఇవేవీ పట్టుకోదు. అందుకే అప్‌గ్రేడ్‌కి ముందు ఏమేం మారబోతున్నాయో చూపించే డిఫ్ ప్లగిన్ తప్పకుండా నడుపుతాను. జాబ్‌ల పాడ్ టెంప్లేట్ కింద ఏ ఒక్క లేబుల్ మారినట్టు కనిపించినా, ఎందుకు మారిందో తేలేదాకా అప్‌గ్రేడ్ జోలికి పోను.